అదనపు గంట

సోమవారం సెమిస్టర్ పరీక్షలు మొదలవుతాయనగా ఆ ముందు గురువారం ఆ గదికి వెళ్లాను. హైదరాబాద్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో ఉంది అది. పేరు రాయనని మాట ఇచ్చాకే కూర్చోనిచ్చారు. తలుపు మీద ‘సమాన అవకాశాల విభాగం’ అని ఉంది గానీ విద్యార్థులెవరూ ఆ పేరుతో పిలవరు. అందరికీ అది ‘స్క్రైబ్ మేడం రూమ్’. స్క్రైబ్ అంటే తనంతట తను రాయలేని విద్యార్థి చెబుతుంటే పరీక్షలో రాసిపెట్టే మనిషి. పరీక్షల విభాగం వెనక, ఒకప్పుడు స్టేషనరీ దాచిన గది. రెండు టేబుళ్లు, ఒక బీరువా, ఒక బ్రెయిలీ ప్రింటరు. ప్రింటరు మీద ఫైళ్లు పేర్చి ఉన్నాయి. అది పనిచేస్తోందా అని అడిగితే మేడం నవ్వేసి, "ఫైళ్లు పెట్టుకోడానికి బాగానే పనిచేస్తోందండీ" అన్నారు.

మేడం కాంట్రాక్టు ఉద్యోగి. విభాగం బాధ్యత ఒక అర్థశాస్త్రం ప్రొఫెసరుగారిది. ఆయన క్లాసులు, పీహెచ్‌డీ విద్యార్థులు పోగా మిగిలిన సమయంలో వచ్చి సంతకాలు పెట్టి వెళతారు. మిగతాదంతా ఈవిడే. ఆవిడ ముందు ఒక లాంగ్‌బుక్ తెరిచి ఉంది. స్కేలుతో గళ్లు గీసుకున్నారు: విద్యార్థి, పేపరు, తేదీ, స్క్రైబ్, ఫోన్ నంబరు. ఆఖరి గడి పైన ‘రాకపోతే?’ అని ఉంది. ఆ గడిలో ఇంకో పేరు, ఇంకో నంబరు. కొన్ని వరుసల్లో అది ఖాళీ.

నేను కూర్చున్నాక ఆవిడ ఎవరికో ఫోన్ చేశారు. "ఏం నాన్నా, సోమవారం పొద్దున ఖాళీయేనా? ఎం.ఏ. తెలుగు పేపరు. తెలుగు తప్పుల్లేకుండా రాస్తావు కదా? ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్ ఏంటి... సంస్కృతమా? సరేలే నాన్నా, ఇంగ్లిష్ పేపరు ఉన్నప్పుడు పిలుస్తా." ఫోన్ పెట్టేసి, గడిలో ఆ పేరు కొట్టేశారు. మార్కులు బాగా వస్తాయని కార్పొరేటు కాలేజీలు చాలామంది పిల్లల చేత సంస్కృతం తీయిస్తాయి. దాని ఫలితం ఈ గది దాకా వచ్చిందన్నమాట. డిగ్రీ చదివే కుర్రాడు దొరుకుతాడు, ఖాళీగా ఉంటాడు, రాయడానికి మనసూ ఉంటుంది. ఒత్తులు మాత్రం రావు.

స్క్రైబ్‌ను ఎవరు పడితే వాళ్లను కూర్చోబెట్టడానికి వీల్లేదు. కేంద్రంలోని వికలాంగుల సాధికారత విభాగం 2018 ఆగస్టు 29న ఇచ్చిన మార్గదర్శకాలున్నాయి. విద్యార్థి తనే తెచ్చుకునే స్క్రైబ్ చదువు అతని చదువుకంటే ఒక మెట్టు కింద ఉండాలి. ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో స్క్రైబ్‌ను పెట్టుకోవచ్చు. విశ్వవిద్యాలయమే స్క్రైబ్‌ను ఇస్తే పరీక్షకు రెండు రోజుల ముందే ఇద్దరూ కలుసుకోనివ్వాలి. స్క్రైబ్‌తో రాసేవాళ్లకు గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం, అంటే మూడు గంటల పరీక్షకు ఇంకో గంట. బ్రెయిలీలోనో, కంప్యూటర్ మీదో, పెద్దక్షరాల ప్రశ్నపత్రంతోనో రాయాలనుకుంటే ఆ వీలు కూడా ఇవ్వాలి. గది వీలైనంత వరకు గ్రౌండ్ ఫ్లోర్‌లోనే ఉండాలి. కాగితం మీద చదివితే ఇంతకంటే ఏం కావాలనిపిస్తుంది.

ఈ కాగితం వెనక పెద్ద చట్టమే ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. ఇందులో 21 ఉన్నాయి. ఉన్నత విద్యలో కనీసం 5 శాతం సీట్లు కేటాయించాలంది. పరీక్షలో అదనపు సమయం, స్క్రైబ్, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు ఇవన్నీ 17వ సెక్షన్‌లో పేరుపేరునా రాసి ఉన్నాయి. నాకు అన్నిటికంటే పదునుగా అనిపించేది నిర్వచనాల్లో నలిగిపోయిన ఒక వాక్యం. సంస్థకు మోయలేని భారం కానంత వరకు ఒక మనిషికి అవసరమైన సర్దుబాటు చెయ్యనంటే, ఆ చెయ్యకపోవడమే వివక్ష అంటుంది ఆ చట్టం. తిట్టనక్కరలేదు, గెంటెయ్యనక్కరలేదు. ఫైలు పక్కన పెట్టినా చాలు.

ఆ తెలుగు పేపరు విద్యార్థి మధ్యాహ్నం వచ్చాడు. నల్లగొండ జిల్లా పిల్లవాడు. పుట్టుకతోనే చూపు లేదు. వైకల్యాన్ని తేల్చే సదరం సర్టిఫికెట్‌లో నూటికి నూరు శాతం. అతని సర్టిఫికెట్‌ను ఎవరూ అనుమానించరు. అతని ఇబ్బంది వేరే.

"ఛందస్సు ప్రశ్న వస్తది సార్. పద్యం చెప్పి గణాలు విడగొట్టాలె. చంపకమాల అనుకో, న జ భ జ జ జ ర. నాకు నోటికొస్తది. రాసేటోనికి గురువేదో లఘువేదో తెల్వకపాయె. ఒక్కో అక్షరం మీద ఏ గుర్తు పెట్టాలెనో నేను చెప్పుడు, ఆయన పెట్టుడు. ఇరవయ్యొక్క అక్షరాలు. పోయినసారి ఒక్క పద్యానికే పావుగంట పోయింది."

పావుగంట పోయాక రాసింది సరిగా ఉందో లేదో చూసుకునే దారి అతనికి లేదు. చదివి వినిపించమంటే స్క్రైబ్ తను రాయాలనుకున్నదే చదువుతాడు, రాసింది చదవడు. ‘శ’కు ‘ష’, ‘ణ’కు ‘న’ పడితే మార్కులు పోయేది ఇతనికి. అదనపు గంట ఇచ్చినవాళ్లు అది వెసులుబాటు అనుకుంటారు. ఆ గంటంతా నోటితో చెప్పిన మాట కాగితం మీదికి దిగడానికే పోతుందని అతని పక్కన కూర్చుంటే తప్ప తెలియదు.

"మరి కంప్యూటర్ మీద నువ్వే రాయొచ్చు కదా?" అన్నాను.

"రాస్త సార్. ఇంట్ల అంతా దాని మీదనే. ఇక్కడ అడిగితే తెలుగు టైపింగు లేదన్నరు."

ఫోన్ తీసి చూపించాడు. తెర మీదిది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఎంత వేగంగా మాట్లాడుతోందంటే అది తెలుగని నాకు తెలియలేదు. అతను ఆ వేగంలోనే వార్తలు వింటాడు, వాట్సాప్ వింటాడు, నిఘంటువు వెతుకుతాడు. పాఠ్యపుస్తకాల దగ్గరికొచ్చేసరికి ఆగిపోతాడు. కారణం మన ఫాంట్లు. మన పుస్తకాల్లో చాలా భాగం అను ఫాంట్లలో కంపోజ్ అయ్యాయి. కంటికి ముత్యాల్లాంటి తెలుగే. లోపల కంప్యూటర్ దాచుకున్నవి మాత్రం తెలుగు అక్షరాలు కావు, ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ. ఆ పీడీఎఫ్‌ను చదవమంటే సాఫ్ట్‌వేర్ ఆ గుర్తుల పేర్లు వరసగా అప్పజెబుతుంది. అతను ఒక పేజీ వినిపించాడు. నవ్వొచ్చింది. మూడో వాక్యానికి నవ్వు ఆగిపోయింది. ఇది ఎం.ఏ. విద్యార్థికి సిలబస్‌లో ఉన్న పుస్తకం.

దారి లేక కాదు. పేజీలను ఫొటో తీసి గుర్తించి యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు తెలుగుకూ వచ్చాయి. తప్పులు దిద్దడానికి మాత్రం ఒక మనిషి కూర్చోవాలి. చట్టం అడ్డమూ లేదు. చూపులేనివాళ్లు చదువుకునే రూపంలోకి పుస్తకాన్ని మార్చడానికి రచయిత అనుమతి అక్కరలేదని 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించారు. ఇదే విషయం మీద 2013లో కుదిరిన మరాకేష్ ఒప్పందాన్ని ఆమోదించడంలో అన్ని దేశాలకంటే ముందున్నది భారతదేశమే. అంత ముందున్న దేశంలో, తన తరగతిలోని అమ్మాయిలు ఇద్దరు రాత్రిపూట చదివి రికార్డు చేసి పంపిన ఆడియోలతో ఇతను ఎం.ఏ. గట్టెక్కుతున్నాడు. ఇప్పుడు అచ్చయ్యే పుస్తకాలకైనా ప్రచురణకర్తలు యూనికోడ్ ఫైలు ఒకటి దాచి ఉంచితే ఈ చాకిరీ సగానికి సగం తగ్గుతుంది. పెద్ద ఖర్చున్న పనీ కాదు. ఎందుకు చెయ్యరో నాకు అర్థం కాదు.

శుక్రవారం ఒక ఎం.సి.ఏ. కుర్రాడు కలిశాడు, వినికిడి లేదు. మేమిద్దరం ఫోన్‌లో టైప్ చేసి మాట్లాడుకున్నాం. అతను కోరేది ఒక్కటే: రేపు చెప్పబోయే పాఠం స్లైడ్లు ఈరోజే పంపమని. లెక్చరర్ బోర్డు వైపు తిరిగి మాట్లాడితే పెదాలు కనబడవు. మాటల్ని అక్షరాలుగా మార్చే ఆప్ మన క్లాసుల తెలుగు–ఇంగ్లిష్ కలగలుపు దగ్గర తికమకపడుతుంది. సైగభాష దుబాసీ సంగతి అతను ఎత్తనే లేదు. దొరకనిదాన్ని అడిగితే దొరికేది కూడా ఇవ్వరేమోనని భయం. స్లైడ్లు పంపేవాళ్లు పంపుతున్నారు, మిగతావాళ్లు ‘చూద్దాంలే’ అంటున్నారు. నన్ను రాయమన్నది కూడా అదే: ‘చూద్దాంలే అని రాయండి సార్, వాళ్లకు అర్థమవుతుంది.’

వీల్‌చైర్‌లో వచ్చే ఒక పి.జి. అమ్మాయి కథ ఇంకా చిన్నది. క్లాసు రెండో అంతస్తులో, లిఫ్టు మరమ్మతులో. మేడం టైంటేబుల్ తెరిచి చూస్తే, ఆ గంటలోనే కింద ఒక గది ఖాళీ. క్లాసు కిందికి మార్చారు. అయిపోయింది. లిఫ్టు ఫైలు ఇంకా తిరుగుతూనే ఉంది. భవనాల సంగతిలో హైదరాబాద్‌కు ఒక సంబంధం ఉంది. దేశంలో ఈ సదుపాయాలు ఎంతవరకు అమలయ్యాయో చూడమని సుప్రీంకోర్టు శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయానికి, అక్కడి వైకల్య అధ్యయన కేంద్రానికి పని అప్పగించింది. ఆ నివేదికను ఆధారం చేసుకుని 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో కోర్టు తీర్పు చెప్పింది. ప్రమాణాలు పాటిస్తే మంచిదన్నట్టుగా రాసుకున్న నిబంధన చట్టానికి విరుద్ధమనీ, తప్పనిసరిగా పాటించాల్సినవేవో విడదీసి నిబంధనలు చెయ్యమనీ కేంద్రానికి చెప్పింది.

ఇప్పటిదాకా చెప్పినవాళ్ల వైకల్యం ఎదుటివాళ్లు కాదనలేనిది. కంటికి కనబడనిది అయితే ఏమవుతుందో చూడాలంటే శుక్రవారం సాయంత్రం వచ్చిన పి.జి. మొదటి సంవత్సరం అమ్మాయి దగ్గర కూర్చోవాలి. గుంటూరు వైపు పిల్ల, సైకాలజీ విద్యార్థిని. మాట గలగలా, ఆలోచన చురుగ్గా. పెన్ను పట్టుకుంటే మాత్రం అక్షరాలు ఒకదాని మీదొకటి ఎక్కుతాయి, పేజీ తిరిగేసరికి చెయ్యి బిగుసుకుపోతుంది. డిస్‌గ్రాఫియా అని డాక్టరు రాశారు. స్కూల్లో ‘కోడిగీతలు’ అన్నారు, ఇంట్లో ‘బద్ధకం’ అన్నారు. డిగ్రీలో తెలిసిన లెక్చరర్ ఓపికగా దిద్దారు. ఇక్కడ ఎవరు దిద్దుతారో తెలియదు.

"నాకు స్క్రైబ్ వద్దండీ. కంప్యూటర్ మీద టైప్ చేసుకుంటా, అంతే. సార్‌నడిగితే, ‘బాగానే ఉన్నావు కదమ్మా, నీకెందుకు ఇవన్నీ’ అన్నారు. నేనేదో మార్కుల కోసం నాటకం ఆడుతున్నట్టు."

ఆ మాట అన్నాయన చెడ్డవారేమీ కాదు. సర్టిఫికెట్‌లో శాతం 40 దాటితేనే ఏ సదుపాయమైనా అని ఆయన అనుకుంటారు. సీట్ల కేటాయింపుకు, ఉద్యోగాల కేటాయింపుకు ఆ 40 గీత నిజమే. పరీక్ష రాయడానికి కావలసిన సర్దుబాటుకు అది గీత కాదని 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు తేల్చింది. వికాస్ కుమార్ అనే యువ డాక్టరు సివిల్స్ పరీక్షకు స్క్రైబ్‌ను అడిగారు. రాసేటప్పుడు చెయ్యి బిగుసుకుపోయే జబ్బు ఆయనది. శాతం చాలదని యూపీఎస్సీ కాదంది. రాయడంలో ఇబ్బంది ఉన్నవాళ్లకు శాతంతో పనిలేకుండా స్క్రైబ్ సదుపాయం అందాలనీ, అందుకు మార్గదర్శకాలు రాయాలనీ కోర్టు చెప్పింది. అవి 2022 ఆగస్టు 10న వచ్చాయి. ప్రభుత్వ వైద్యుల నుంచి ‘ఈ వ్యక్తికి రాయడంలో ఇబ్బంది ఉంది’ అనే సర్టిఫికెట్ కావాలి, అంతే.

అంతేనని నేను రాశాను గానీ ఆ అమ్మాయికి అది అంతే కాదు. ప్రభుత్వాసుపత్రిలో ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి పంపారు. సంతకం పెట్టాల్సిన అధికారి క్యాంపుకు వెళ్లారు. హాస్టల్ నుంచి వెళ్లిన ప్రతిసారీ ఒక రోజు క్లాసులు పోతాయి, ఇంటర్నల్స్ మార్కులు పోతాయి. చదువుకోవడంలో ఉన్న ఇబ్బందిని నిరూపించుకోవడానికి చదువే మానుకోవాల్సిన పరిస్థితి.

ప్రొఫెసరుగారు ఆ సాయంత్రం సంతకాలకు వచ్చారు. అమెరికాలో చదువుతున్న తన పాత విద్యార్థినికి ఫోన్ కలిపి ఇచ్చారు. చూపు బాగా తక్కువ ఆమెకు, వరంగల్ అమ్మాయి. అక్కడ 1973 నాటి పునరావాస చట్టంలోని 504వ సెక్షన్, 1990 నాటి వికలాంగుల చట్టం విశ్వవిద్యాలయాలకు వర్తిస్తాయి. చేరగానే ఒక కార్యాలయంలో నమోదు చేసుకోవాలి. కాగితాలు వాళ్లకూ ఇవ్వాలి. ఆ తర్వాత ప్రతి సెమిస్టరూ లెక్చరర్లకు ఆ కార్యాలయం నుంచి ఒక లేఖ వెళుతుంది: ఈ విద్యార్థికి పరీక్షలో ఒకటిన్నర రెట్ల సమయం, పెద్దక్షరాలు. జబ్బు ఏమిటో లేఖలో ఉండదు.

"ఇక్కడా అడగాల్సిందే అన్నా," అంది. "అడగనిదే ఎవరూ ఇవ్వరు. మిడ్‌టర్మ్ అయిపోయాక అడిగితే, అయిపోయినదానికి ఏమీ చెయ్యరు. కాకపోతే నా కళ్ల గురించి ఒక్కసారి ఒక్క ఆఫీసులో చెప్పిన. మన దగ్గర ప్రతి సెమిస్టరూ, ప్రతి టేబుల్ దగ్గరా, అటెండర్‌తో సహా అందరికీ చెప్పుకునేదాన్ని."

అమెరికాను పొగడాలని ఇది రాయడం లేదు. ఆ కార్యాలయాలు కూడా ఊరికే రాలేదు. 1962లో ఎడ్ రాబర్ట్స్ అనే పోలియో బాధితుడు బర్క్‌లీలో చేరితే, ఊపిరి పోసే ఇనుప యంత్రం పట్టే గది హాస్టల్లో లేక, క్యాంపస్ ఆసుపత్రిలో ఉండి చదువుకున్నాడు. ఆయన వెనక వచ్చినవాళ్లతో కలిసి పోరాడితే అక్కడ విద్యార్థుల విభాగం పుట్టింది. మన దగ్గర బొల్లా శ్రీకాంత్ చూపు లేని తనకు పదో తరగతి తర్వాత సైన్సు గ్రూపు ఇవ్వబోమంటే కోర్టుకెక్కి నెగ్గాడు, చదివి ఎంఐటీ దాకా వెళ్లాడు, తిరిగొచ్చి హైదరాబాద్‌లో పరిశ్రమ పెట్టాడు. ఆయన మీద హిందీలో సినిమా వచ్చింది. ప్రతి పిల్లవాడూ శ్రీకాంత్ కానక్కరలేని ఏర్పాటు ఎప్పుడొస్తుందన్నదే నా ప్రశ్న. మామూలు తెలివితో, మామూలు ధైర్యంతో వచ్చిన విద్యార్థి మామూలుగా పరీక్ష రాసి సెకండ్ క్లాసులో పాసయ్యే హక్కు గురించి ఎవరూ సినిమా తీయరు.

నేను చూసినంతలో ఇక్కడ ఏర్పాటు అంటే ఒక కాంట్రాక్టు ఉద్యోగిని, ఆవిడ లాంగ్‌బుక్. ఆవిడ మంచితనం వల్ల పనులు జరుగుతున్నాయి, ఎవరూ కాదనరు. ఇబ్బంది కూడా అక్కడే ఉంది. ఆవిడ కాంట్రాక్టు ఏటా మేలో రెన్యువల్‌కు వస్తుంది. ఏ ఏడాదైనా రాకపోతే ఆ ఫోన్ నంబర్లు, ఏ లెక్చరర్‌ను ఎలా ఒప్పించాలో తెలిసిన ఆ తెలివి ఆవిడతోనే పోతాయి. ప్రవేశాల అప్లికేషన్‌లోనే అవసరాలు రాయించుకుని, కోర్సు పూర్తయ్యేదాకా అవి చెల్లేలా పరీక్షల సాఫ్ట్‌వేర్‌లో పెట్టమని ప్రొఫెసరుగారు ప్రతిపాదన పంపారు. "కమిటీ వేశారు" అన్నారు ఆయన, ముఖంలో ఏ భావమూ లేకుండా.

సోమవారం పది గంటలకు మళ్లీ వెళ్లాను. నలుగురు విద్యార్థులు, నలుగురు స్క్రైబులు, ఒకే గది. నలుగురూ ఒకేసారి జవాబులు చెబుతుంటే తరగతి గది సంతలా ఉంది. తెలుగు విద్యార్థి గోడ వైపు తిరిగి, చెయ్యి అడ్డం పెట్టుకుని చెబుతున్నాడు. స్క్రైబ్ దొరికాడు, దూరవిద్యలో బి.ఏ. తెలుగు చదువుతున్న పురోహితుల పిల్లవాడు. గురు లఘువులు చెప్పకముందే పెట్టేస్తున్నాడని తర్వాత తెలిసింది. ఒంటిగంటకు బెల్లు కొట్టారు. వరండా నిండా అరుపులు. అసలు అదనపు గంట మొదలయ్యేది ఆ గోలలో. ఇన్విజిలేటర్ భోజనానికి వెళ్లాలి, అటెండర్ కట్టలు కట్టాలి, రెండింటికి ఇదే గదిలో ఇంకో పరీక్ష. ఒంటిగంటా ఇరవైకి "అయిపోయిందా?" అన్నారు. ఒకటిన్నరకు మళ్లీ అన్నారు. నలుగురిలో ఒకమ్మాయి ఆఖరి ప్రశ్న వదిలేసి లేచిపోయింది. ఆ గంట ఆమెకు కాగితం మీద మాత్రం ఉంది.

సైకాలజీ అమ్మాయికి ఆసుపత్రి సర్టిఫికెట్ ఇంకా చేతికి రాలేదు. డాక్టరు చీటీ చూసి, సర్టిఫికెట్ తర్వాత ఇచ్చే షరతు మీద పరీక్షల కంట్రోలర్ ఒప్పుకున్నారు. ఆదివారం రాత్రి మేడం మెసేజ్ పెట్టి ఒప్పించారట. కంప్యూటర్ ల్యాబులో ఇంటర్నెట్ తీసేసి, ఒక మూల కూర్చోబెట్టారు. రెండింటి దాకా రాసింది, పద్నాలుగు పేజీలు. ప్రింటు తీశారు. అప్పుడొచ్చింది చిక్కు. జవాబుపత్రం మీద ఇన్విజిలేటర్ సంతకానికి గడి ఉంటుంది, తెల్ల కాగితం మీద ఉండదు. ఎవరు సంతకం పెట్టాలి, ఎక్కడ పెట్టాలి, ప్రతి పేజీకా ఆఖరి పేజీకా అని ల్యాబు ఇన్‌ఛార్జి, ఇన్విజిలేటర్, పరీక్షల విభాగం సూపరింటెండెంట్ అరగంట మాట్లాడుకున్నారు. ఆఖరికి ముగ్గురూ పద్నాలుగు పేజీల మీదా పెట్టారు. బుధవారం పేపరుకు కూడా ఇలాగేనా అని అమ్మాయి అడిగింది. బుధవారానికి మళ్లీ అర్జీ పెట్టుకోమన్నారు.